కొన్నాళ్లు విదేశానికి వెళ్తున్నారా? కుక్కను తీసుకెళ్లాలో వద్దో తేల్చుకునే లెక్క

వీసా వచ్చిన రోజు ఇంట్లో కుక్క సంగతి ఎవరికీ గుర్తుండదు. టికెట్టు తీసుకునే వారం గుర్తొస్తుంది. అప్పటికి చాలా దేశాల విషయంలో ఆలస్యమైపోయి ఉంటుంది. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం నుంచి వెళ్లేవాళ్లకు ఇంకో చిక్కుంది. కుక్కను గుర్తుపట్టే నంబరున్న మైక్రోచిప్‌ను చర్మం కింద వేసే డాక్టరు, రేబిస్ టీకా పనిచేసిందో లేదో చూసే రక్తపరీక్ష ల్యాబు, ఎగుమతి సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసు అన్నీ దూరమే. పట్నంవాళ్లు ఆటోలో చేసుకొచ్చే పనికి ఇక్కడివాళ్లు రైలెక్కాలి.

కాబట్టి బెంగను కాసేపు పక్కనపెట్టి ఒక కాగితం మీద రెండు తేదీలు రాయండి. ఒకటి వెళ్లే తేదీ, రెండోది తిరిగొచ్చే తేదీ. సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది.

ఎన్నాళ్ల ప్రయాణం?

ఆరు నెలల లోపు ప్రాజెక్టుకో, కూతురి పురుడుకో వెళ్తుంటే కుక్కను తీసుకెళ్లకండి. అక్కడ ఉండేదెన్నాళ్లో, చాలా దేశాలకు ఇక్కడ కాగితాలకే దాదాపు అన్నాళ్లు పడుతుంది. రెండు పెద్ద విమాన ప్రయాణాలు, రెండు కొత్త చోట్లు, మళ్లీ పాత చోటు. కుక్కకు ఇందులో ఒరిగేదేమీ లేదు.

మూడేళ్లు, నాలుగేళ్లు ఉండేటట్టయితే, ఇంట్లో చూసేవాళ్లు సరిగా లేకపోతే, తీసుకెళ్లడమే మేలు. చిక్కంతా ఏడాది, ఏడాదిన్నర వాళ్లకే. ఎందుకంటే మన దేశంలోకి కుక్కను తిరిగి తెచ్చుకోవడానికీ నిబంధనలున్నాయి. 2013లో కస్టమ్స్ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం పెంపుడు కుక్కను, పిల్లిని సామానుగా తెచ్చుకునే వెసులుబాటు విదేశంలో వరసగా రెండేళ్లు ఉండి నివాసం మార్చుకుని వచ్చేవాళ్లకు, అదీ రెండు జంతువులకే. ఇక్కణ్ణుంచి వెళ్లిన కుక్కే తిరిగొస్తోందని చూపడానికి మీ దగ్గరుండే ఆధారం వెళ్లేటప్పుడు ఇచ్చిన ఎగుమతి సర్టిఫికెట్. రెండేళ్లలోపు తిరిగొచ్చే ఆలోచన ఉంటే, ఏ దారిలో తేవచ్చో బయలుదేరక ముందే ఆ సర్టిఫికెట్ ఇచ్చే యానిమల్ క్వారంటైన్ ఆఫీసుకు ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఫోన్‌లో ఎవరో "పర్లేదు సార్" అన్నారని వెళ్లకండి.

ఏ దేశానికి?

దేశాన్నిబట్టి కథ పూర్తిగా మారిపోతుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ అయితే ఆశ వదులుకోవచ్చు. ఆ దేశాలు నేరుగా కుక్కల్ని రానిచ్చే జాబితాలో ఇండియా లేదు. ముందు వాళ్లు ఒప్పుకున్న మరో దేశంలో కుక్కను నెలల తరబడి ఉంచి, అక్కడి పరీక్షలన్నీ చేయించి, ఆ తర్వాత క్వారంటైన్‌లో పెట్టాలి. ఏడాది కోర్సు కోసం ఎవరూ చేయదగ్గ పని కాదది.

యూరప్ దేశాలు, బ్రిటన్ రానిస్తాయి కానీ సమయం తింటాయి. బ్రిటన్‌కు విమానంలో వెళ్లే కుక్క కార్గోగానే దిగాలి. ఒళ్లో పెట్టుకుని వెళ్లడం, చెకిన్ సామానుగా పంపడం కుదరదు. పైగా దిగడానికి 24 గంటల నుంచి 120 గంటల ముందు బద్దెపురుగుల మందు డాక్టరు చేతిమీదుగా వేయించి, తేదీ, సమయం రాయించుకోవాలి. పిట్‌బుల్, టోసా, డోగో అర్జెంటీనో, ఫిలా బ్రసిలేరో, ఎక్స్‌ఎల్ బుల్లీ జాతులు అక్కడ నిషేధం.

అమెరికా రూల్సు 2024 ఆగస్టు 1 నుంచి బిగిశాయి. కుక్కకు ఆరు నెలలు నిండాలి, చిప్ ఉండాలి, సీడీసీ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) వాళ్ల దిగుమతి ఫారం నింపాలి. కుక్కల రేబిస్ ఎక్కువున్న దేశాల జాబితాలో ఇండియా ఉంది కాబట్టి, ఇక్కడ టీకా వేయించిన కుక్కకు ప్రభుత్వ పశువైద్యాధికారి సంతకం, ముద్ర ఉన్న టీకా ఫారం కావాలి. సీడీసీ ఒప్పుకున్న ల్యాబు నుంచి రక్తపరీక్ష రిపోర్టు కావాలి. దిగే ఊళ్లో సీడీసీ రిజిస్టర్డ్ కేంద్రంలో ముందే బుకింగ్ ఉండాలి. ఆ కేంద్రాలున్న విమానాశ్రయాలు గుప్పెడే. రక్తపరీక్ష లేకుండా వెళ్తే మీ ఖర్చుతో 28 రోజులు క్వారంటైన్.

కెనడా కొంత తేలిక. సొంత పెంపుడు కుక్కయితే రేబిస్ టీకా సర్టిఫికెట్‌తో పని అవుతుంది. అయితే 2022 సెప్టెంబరు 28 నుంచి ఇండియా లాంటి దేశాల నుంచి వ్యాపార కోటాలో కుక్కల్ని ఆపేశారు. "నువ్వు ముందు వెళ్లు, కుక్కను తర్వాత ఏజెంటుతో పంపిస్తాం" అనుకుంటే ఆ కోటా కింద లెక్కగట్టే ప్రమాదముంది. యజమాని వెంటే వెళ్లడం క్షేమం.

గల్ఫ్ సంగతి సూటిగా చెప్పుకోవాలి. ఉద్దానం నుంచి వెళ్లేవాళ్లలో చాలామందికి వసతి కంపెనీ క్యాంపు గదే. అక్కడ కుక్కకు చోటుండదు. సొంతంగా ఫ్లాట్ తీసుకునే ఉద్యోగమైతేనే యూఏఈ దిగుమతి పర్మిట్, రక్తపరీక్షల గురించి ఆలోచించండి. ఆ మాటకొస్తే ఏ దేశమైనా కుక్కను ఒప్పుకునే అద్దె ఇల్లు దొరకడం ఒక అగ్నిపరీక్ష. స్టూడెంట్ హాస్టళ్లు దాదాపు ఒప్పుకోవు. ఇంటి ఒప్పందంలో కుక్క గురించి రాసి ఉన్న కాపీ మీ చేతికి రాకముందు కుక్క టికెట్టుకు డబ్బు కట్టకండి.

క్యాలెండర్‌ను వెనక్కి లెక్కబెట్టండి

యూరప్, బ్రిటన్ లెక్క ఇలా ఉంటుంది. ముందు అంతర్జాతీయ ప్రమాణానికి (ఐఎస్ఓ) సరిపడే 15 అంకెల మైక్రోచిప్. ఆ తర్వాతే రేబిస్ టీకా, అదే రోజైనా పర్వాలేదు. టీకా వేసి కనీసం 30 రోజులయ్యాక రక్తం తీయాలి. రిపోర్టులో, టీకా వల్ల రక్తంలో పుట్టే రేబిస్ యాంటీబాడీల స్థాయి మిల్లీలీటరుకు 0.5 ఐయూ (వాటిని కొలిచే యూనిట్) లేదా ఆపైన ఉండాలి. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. రిపోర్టు వచ్చిన రోజు నుంచి కాదు, తీసిన రోజు నుంచే.

సెప్టెంబరులో క్లాసులు మొదలనుకోండి. మార్చి 1న చిప్, టీకా వేయిస్తే ఏప్రిల్ 1న రక్తం, జులై 1 తర్వాత ఎప్పుడైనా ప్రయాణం. ఒకవేళ రిపోర్టు 0.5 కంటే తక్కువ వస్తే మే మొదట్లో మళ్లీ టీకా, జూన్ మొదట్లో మళ్లీ రక్తం, సెప్టెంబరు మొదటివారానికి గండం గట్టెక్కుతుంది. అంటే మార్చిలో మొదలుపెట్టినవాళ్లకు ఒక తప్పటడుగుకు చోటుంది. అదే అడ్మిషన్ లెటర్ వచ్చాక జూన్ 15న మొదలుపెడితే అన్నీ సవ్యంగా జరిగినా అక్టోబరు సగానికి గాని కుక్క కదలదు.

"సరే, నేను సెప్టెంబరులో వెళ్తాను, అది అక్టోబరులో వస్తుంది" అంటే ఇంకో మెలిక. యజమాని ప్రయాణానికీ కుక్క ప్రయాణానికీ మధ్య 5 రోజులకు మించి తేడా ఉంటే దాన్ని పెంపుడు జంతువు కింద కాక వ్యాపార దిగుమతి కింద చూస్తారు. కాగితాలు వేరు, ఖర్చు వేరు. అందుకే చాలామంది మొదటి సెలవులకు ఇంటికొచ్చి, తిరుగు ప్రయాణంలో కుక్కను వెంటబెట్టుకు వెళ్తారు. నిజానికి అదే తెలివైన పద్ధతి. ఇల్లు దొరికి, చలి ఎలా ఉంటుందో తెలిసి, చుట్టుపక్కల డాక్టరు ఎవరో చూసుకున్నాక తీసుకెళ్లడం వేరు, రెండు సూట్‌కేసులూ కుక్కా పట్టుకుని తెలియని ఊళ్లో దిగడం వేరు.

అమెరికాకు నిరీక్షణ తక్కువ. మొదటి టీకా వేసిన 30 రోజులకు రక్తం, రక్తం తీసిన 28 రోజుల తర్వాత దిగవచ్చు. కాగితం మీద రెండు నెలలు. మన జిల్లాల నుంచి అయితే నాలుగు నెలలు పెట్టుకోండి.

తీసుకెళ్లాలో వద్దో ఇంకా తేలకపోయినా చిప్, టీకా, రక్తపరీక్ష మాత్రం ఇప్పుడే చేయించండి. యూరప్ నిబంధనల్లో ఒకసారి పాసైన రక్తపరీక్ష, బూస్టర్ టీకా గడువు ఒక్కరోజు కూడా దాటనీయకుండా వేయిస్తూ ఉంటే మళ్లీ చేయించనక్కర్లేదు. అప్పుడు నిర్ణయాన్ని వాయిదా వేసే హక్కు మీ చేతిలో ఉంటుంది.

చిప్పు, టీకా, రక్తం: ఎక్కడ తేడా కొడుతుంది

మన వైపు ఎక్కువ కుక్కలకు టీకా పడేది జులై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం నాడు పశువుల ఆసుపత్రి ఉచిత శిబిరంలో. టీకా మంచిదే. కానీ అక్కడిచ్చే చీటీలో చిప్ నంబరు ఉండదు, చాలాసార్లు బ్యాచ్ నంబరూ ఉండదు. చిప్ లేని రోజున వేసిన టీకా యూరప్, బ్రిటన్, అమెరికా లెక్కలో వేయనట్టే. చిప్ పెట్టించి మళ్లీ వేయించుకోవాల్సిందే. ఒడిశా వైపు శిబిరాల్లో చీటీ ఒడియాలో ఉంటుంది. సర్టిఫికెట్ ఇంగ్లిష్‌లో ఉండాలి. చిప్ నంబరు, చిప్ వేసిన తేదీ, టీకా కంపెనీ, బ్యాచ్, గడువు, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం, ముద్ర అన్నీ ఒకే కాగితం మీద కనబడాలి. సీసా మీది స్టిక్కరు ఊడదీసి అతికించమనండి.

చిప్ కోసం విశాఖపట్నమో భువనేశ్వరమో వెళ్లడం మేలు. పశువైద్య కళాశాలలు గరివిడిలో, భువనేశ్వర్‌లో ఉన్నాయి, అడిగి చూడవచ్చు. వేయించిన వెంటనే స్కానర్‌తో చదివించి, తెరమీద అంకెలు ఫోటో తీసుకోండి. మెడ వెనక చర్మం కింద పెట్టిన చిప్ కొన్నిసార్లు భుజం పక్కకు జారుతుంది. ఎయిర్‌పోర్టులో మెడ మీద స్కాన్ చేసి "లేదు" అంటే భుజాలు, ముందుకాళ్ల పైభాగం కూడా చూడమని అడగండి.

రక్తపరీక్ష ఫెయిలవడానికి కారణాలు చాలావరకు ఇక్కడే పుడతాయి. రేబిస్ టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేసవిలో కరెంటు పోయి ఫ్రిజ్ వెచ్చబడినా, మందుల షాపు నుంచి జేబులో వేసుకుని నడిచొచ్చినా దాని బలం తగ్గుతుంది. ఐసుముక్కలున్న డబ్బాలో తెస్తేనే తీసుకోండి. రెండోది, జీవితంలో మొదటిసారి ఒక్క డోసు పడిన కుక్కల్లో స్థాయి సరిపడా పెరగకపోవడం మామూలే. నెల తేడాతో రెండు డోసులు వేయించి, రెండో డోసు తర్వాత 30 రోజులకు రక్తం తీయిస్తే పాసయ్యే అవకాశం బాగా పెరుగుతుంది. ఒంట్లో పిడుదుల జ్వరమో నులిపురుగులో ఉన్న కుక్కకూ టీకా సరిగా పట్టదు. ముందు వాటిని తగ్గించండి.

ఇంకో సంగతి. రక్తాన్ని రక్తంగా పంపకూడదు. తీసిన రోజే సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో గిరగిరా తిప్పి సీరం (రక్తకణాలు తీసేయగా మిగిలే ద్రవం) వేరుచేసి, చల్లగా ప్యాక్ చేసి పంపాలి. ఎండలో బస్సులో తిరిగిన రక్తం ఎర్రకణాలు చితికి గులాబీరంగు సీరం అవుతుంది, ల్యాబు తిప్పి పంపుతుంది. నెల పోయినట్టే. సెంట్రిఫ్యూజ్ ఉన్న చోటే రక్తం తీయించండి. పంపే ల్యాబు మీరు వెళ్లే దేశం ఒప్పుకున్న జాబితాలో ఉందో లేదో పేరు చూసి సరిపోల్చుకోండి. యూరప్ జాబితా, అమెరికా జాబితా వేర్వేరు.

బోను కొలతలు

విమాన కంపెనీలు పాటించేది ఐఏటీఏ (వాళ్ల అంతర్జాతీయ సంఘం) కొలత. కుక్కను నిలబెట్టి టేపుతో నాలుగు కొలతలు తీయండి: ముక్కు కొస నుంచి తోక మొదలు వరకు, నేల నుంచి ముందుకాలి మోచేయి వరకు, భుజాల దగ్గర వెడల్పు, నేల నుంచి తల పైకి. నిక్కిన చెవులైతే చెవి కొసకు. బోను పొడవు మొదటి కొలతకు రెండోదానిలో సగం కలిపినంత. వెడల్పు భుజాల వెడల్పుకు రెండింతలు. ఎత్తు తల ఎత్తుకు పరుపు మందం కలిపినంత.

ఓ మోస్తరు ఊరకుక్కకు 70, 30, 20, 60 సెంటీమీటర్లు వచ్చాయనుకోండి. పొడవు 85, వెడల్పు 40, ఎత్తు పరుపుతో 65. కార్గోలో డబ్బు కట్టేది అసలు తూకం, బోను పట్టే చోటును బట్టి కట్టే తూకం, ఈ రెండింటిలో ఎక్కువదానికి. 85ని 40తో, 65తో గుణించి 6000తో భాగిస్తే దాదాపు 37 కిలోలు. కుక్క 18, బోను 9, మొత్తం 27 కిలోలే అయినా బిల్లు 37కే. ముద్దుగా ఉందని ఒక సైజు పెద్ద బోను కొంటే ఎన్ని వేలు అదనమో ఈ లెక్కతోనే తెలుస్తుంది. చిన్నది కొంటే మాత్రం ఎయిర్‌పోర్టులోనే వెనక్కి పంపేస్తారు.

నాలుగు పక్కలా గాలి రంధ్రాలుండాలి. పై సగాన్ని, కింది సగాన్ని ప్లాస్టిక్ క్లిప్పులతో కాక ఇనుప నట్టు బోల్టులతో బిగించాలి. చక్రాలుంటే తీసేయాలి. తలుపుకు లోపలివైపు బిగించిన గిన్నెల్లో బయటినుంచే నీళ్లు పోయగలగాలి. నీళ్ల గిన్నెను ముందురాత్రి ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టిస్తే కుదుపులకు ఒలికిపోకుండా మెల్లగా కరుగుతుంది. ఊళ్లో వడ్రంగిచేత ప్లైవుడ్ పెట్టె చేయిస్తే చౌకే, కానీ గాలి ఒక్కవైపే ఉండి తిరస్కరించినవి ఎక్కువ.

బోను ఆరువారాల ముందు ఇంట్లోకి తేవాలి. మొదట తలుపు తీసేసి వసారాలో పెట్టి, అందులోనే అన్నం పెట్టండి. మనవైపు కుక్కలు చద్దన్నం, చేపముళ్లు, పఖాళ గంజి తిని పెరిగినవి. విదేశంలో దొరికేది గింజల మేత. పది రోజుల్లో కొంచెం కొంచెంగా కలిపి అలవాటు చేయకపోతే ప్రయాణం నాడే విరేచనాలు పట్టుకుంటాయి. నిద్రమందు మాత్రం వేయకండి. మత్తులో బీపీ పడిపోతుంది, ఒంటి వేడిని అదుపు చేసుకోలేదు. మత్తులో ఉన్న కుక్కను విమానంవాళ్లు ఎక్కించుకోరు.

ఇక్కణ్ణుంచి విమానం దాకా

ఎగుమతి సర్టిఫికెట్ ఇచ్చే యానిమల్ క్వారంటైన్ కేంద్రాలు ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్నాయి. కుక్కను వాళ్లకు చూపించాలి. విశాఖ, భువనేశ్వర్ నుంచి విమానం దొరికినా ఈ మెట్టు తప్పదు. శని, ఆదివారాలు మినహాయించుకుని ప్రయాణానికి నాలుగైదు రోజుల ముందే ఆ నగరంలో ఉండేటట్టు చూసుకోండి. మనవాళ్లు భాష, బంధువులు ఉన్నారని హైదరాబాదే వెళ్తారు. బరంపురం నుంచి రోడ్డు మీద హైదరాబాద్ దాదాపు 900 కిలోమీటర్లు, కోల్‌కతా 600. కుక్క వైపు నుంచి చూస్తే కోల్‌కతాయే నయం.

రైల్లో అయితే స్లీపర్, త్రీటైర్, టూటైర్ ఏసీల్లో కుక్కను రానివ్వరు. ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మీ పేరున ఉండాలి. లేదంటే బ్రేక్‌వ్యాన్‌లో (గార్డు, సామాన్లు ఉండే బోగీలో) కుక్కల పెట్టె. బుకింగ్ పార్సిల్ ఆఫీసులో, డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్ కాగితంతో. బుక్ చేయకుండా పట్టుబడితే ఆరు రెట్ల ఛార్జీ. రెండు నిమిషాలే ఆగే స్టేషన్లో బ్రేక్‌వ్యాన్‌కు పరిగెత్తి కుక్కను ఎక్కించడం అయ్యేపని కాదు. పలాసలోనో బరంపురంలోనో ఎక్కండి. ఏప్రిల్, మే నెలల్లో బ్రేక్‌వ్యాన్ మాట మరిచిపోండి, కారు మాట్లాడుకోండి.

ఏ కుక్కను కదపకూడదు

పగ్, షిట్జూ, బుల్‌డాగ్ లాంటి చప్పిడిముక్కు జాతుల్ని చాలా విమాన కంపెనీలు కార్గోలో తీసుకోవు. కుక్క చల్లబడేది రొప్పుతూనే. ఆ ముక్కుతో అవి వేడిలో ఊపిరాడక ఇబ్బంది పడతాయి. పదేళ్లు దాటినవి, గుండెజబ్బున్నవి, ఉరుముకే మంచం కింద దూరేవి ఇంట్లోనే ఉండనివ్వండి. పల్లెలో పుట్టి పగలంతా తోటలో తిరిగి రాత్రికి గుమ్మంలో పడుకునే కుక్క కూడా ఈ జాబితాలోకే వస్తుంది. దానికి ఊరంతా ఇల్లే. పదో అంతస్తు గదిలో రోజుకు రెండుసార్లు తాడు కట్టి నడిపిస్తే అది బతుకుతుంది, అంతే.

వదిలి వెళ్లేటట్టయితే

ఉమ్మడి ఇల్లయితే కుక్క మీ ఒక్కరిదీ కాదు, ఇంటిది. అదో అదృష్టం. అయినా "అమ్మ చూసుకుంటుంది" అనే ముందు అమ్మ మోకాళ్లు చూడండి. 30 కిలోల లాబ్రడార్ ఒక్కసారి గుంజితే చాలు. బయలుదేరే రెండు నెలల ముందు పదిహేను రోజులు కుక్కను పూర్తిగా చూసేవాళ్లకే అప్పగించి మీరు ఊళ్లో లేకుండా పోండి. తిండి మానేసిందా, ఎవర్నైనా కరవబోయిందా, గేటు దూకిందా, అన్నీ అప్పుడే తెలుస్తాయి.

చూసేవాళ్లది ఒడియా ఇల్లయితే చిన్న సంగతి. మీ కుక్కకు "రా", "కూచో" తెలుసు. వాళ్లు "ఆసొ", "బొసొ" అంటారు. రెండు మాటలూ వెంటవెంటనే అంటూ బిస్కట్టు పెడితే వారంలో రెండు భాషలూ వచ్చేస్తాయి. బరంపురం మనుషుల్లాగే.

ఒక పుస్తకంలో రాసివ్వాల్సినవి: ఏం తింటుంది, ఎంత, ఏది పడదు, మూడు నెలలకోసారి నులిపురుగుల మందు, ఏటా రేబిస్, మిగతా టీకాల తేదీలు, వానాకాలంలో చెవులు, కాలివేళ్ల సందులు పిడుదుల కోసం చూడటం. మెడపట్టీ మీద మీ విదేశీ నంబరు కాదు, చూసేవాళ్ల నంబరు ఉండాలి. ఖర్చు నెలనెలా మొదటి తారీఖున వాళ్ల ఖాతాలో పడాలి, అడిగించుకోకండి. అత్యవసరంగా ఆపరేషన్ కావాలంటే ఎంతవరకు వాళ్లే ఒప్పుకోవచ్చో ఒక అంకె చెప్పి, ఊళ్లో డాక్టరుకు మీ సంతకంతో ఉత్తరం ఇచ్చి వెళ్లండి.

ఎవరూ దొరకలేదని హైవే దాబా దగ్గర దింపేసి వచ్చేవాళ్లూ ఉన్నారు. ఆకలి దప్పులకు వదిలేయడం 1960 జంతు హింస నివారణ చట్టం కింద నేరం. ఇంటి కుక్క వీధి గుంపు మధ్య ఎక్కువరోజులు నిలబడదు కూడా.

తీసుకెళ్లినవాళ్లు తిరిగొచ్చేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. విదేశాల్లో మూడేళ్లకోసారి రేబిస్ టీకా మామూలు. మన దేశంలోకి రావాలంటే టీకా పడి నెల దాటాలి, ఏడాది మించకూడదు. ప్రయాణానికి రెండు నెలల ముందే వేయించుకుని, ఆ దేశపు ప్రభుత్వ డాక్టరు ఆరోగ్య సర్టిఫికెట్‌తో క్వారంటైన్ ఆఫీసు నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే కాగితం) ముందుగా తెచ్చుకోవాలి. దిగేది పైన చెప్పిన ఆరు నగరాల్లో ఒకదానిలో గాని, కొచ్చిలో గాని. ఇంటికి దగ్గరని భువనేశ్వర్‌కు టికెట్టు తీసుకోకండి.